‘వెల్లీ’ అంటే ప్రతిచోటా బూటు కాదు

నమస్కారమండీ. మీరు అనువదిస్తున్న బ్రిటిష్ కథలో, బురదలో కూరుకుపోయిన కారును నెడుతున్న వ్యక్తి డ్రైవరుతో ‘గివ్ ఇట్ సమ్ వెల్లీ’ అన్నచోట, ‘వెల్లీ’ అనేది వెల్లింగ్టన్ బూటుకు పొట్టిపేరే అయినా, రబ్బరు బూట్ల ప్రసక్తి లేదు. ‘ఇంకాస్త గట్టిగా తొక్కు’ అని రాస్తే సరిపోతుంది. బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ డ్యూక్ పేరుతో 19వ శతాబ్దం తొలినాళ్లలో వాడుకలోకి వచ్చిన ఈ బూట్లు మొదట దూడతోలుతో చేసినవే కాగా, రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే పద్ధతి వచ్చాక, 1850లలో అమెరికా వ్యాపారి హైరమ్ హచిన్సన్ ఫ్రాన్సులో రబ్బరువి తయారుచేయించారు. తర్వాతి పేజీలోని ‘గ్రీన్ వెల్లీ బ్రిగేడ్’ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: అది పల్లెల్లో దర్జాగా గడిపే సంపన్నులపై విసురు కనుక, ‘పచ్చబూట్ల దొరలు’ అంటే ఆ వెటకారం నిలుస్తుందని నా అభిప్రాయం. కథలో న్యూజిలాండ్ పాత్ర నోట వచ్చే ‘గమ్‌బూట్లు’ కూడా ఈ రబ్బరు వెల్లింగ్టన్ బూట్లే. తెలుగులోనూ ఆ మాట వాడుకలో ఉంది కాబట్టి అలాగే ఉంచండి.