మతిమరుపు కాదు, ఆలస్యం రాయి

తమ్ముడూ,

నీ కథ చదివాను. మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. కథలోని నాన్నగారి ఎమ్మారై రిపోర్టులో వైట్ మ్యాటర్ జబ్బు, అంటే మెదడు లోపలి నరాల పోగులు దెబ్బతినే జబ్బు అని రాశావు, అది ఎంత ఉందో చెప్పే ఫజేకాస్ గ్రేడ్ 2 అని కూడా పెట్టావు, అంతవరకూ బావుంది. కానీ పేజీ తిప్పగానే ఆయన ఆర్కే బీచ్‌లో నిలబడి కన్నకొడుకుని పట్టుకుని "నువ్వెవరు బాబూ" అంటాడు. ఆ సీను చదివి కళ్లు తుడుచుకునేవాళ్లు చాలామందే ఉంటారు, నిన్ను మెచ్చుకుంటారు కూడా. అయినా తీసెయ్యమనే చెప్తాను, ఎందుకంటే అది వేరే జబ్బు సీను. అల్జీమర్స్‌లో సాధారణంగా ముందు జారిపోయేవి కొత్త జ్ఞాపకాలు, అయినవాళ్లని పోల్చుకోలేకపోవడం అందులో కూడా బాగా ముదిరాక వచ్చేదే. నువ్వు రాసిన జబ్బు సాధారణంగా ముందుగా పట్టుకెళ్లేది ఆలోచనా వేగాన్ని. ఒక పని మొదలుపెట్టడం, అందులోంచి ఇంకోదానికి మారడం, రెండు విషయాలు ఒకేసారి మనసులో ఉంచుకోవడం, ఇవి కష్టమవుతాయి. జ్ఞాపకం చాలావరకు లోపలే ఉంటుంది, బయటికి రావడానికే టైం పడుతుంది. చిన్న క్లూ ఇస్తే చాలాసార్లు వచ్చేస్తుంది కూడా.

అసలు లోపల ఏం జరుగుతుందో నీకు తెలిసి ఉండాలి, కథలో చెప్పకపోయినా సరే. మెదడు లోతుల్లోకి దిగే సన్నటి రక్తనాళాల గోడలు ఏళ్ల తరబడి బీపీ దెబ్బకి మందమెక్కి, రక్తం పోయే దారి ఇరుకైపోతుంది. షుగరు, సిగరెట్టు, వయసు దానికి తోడు. ఆ నాళాలు రక్తం అందించే చోటే, మెదడులో ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే నరాల పోగులుంటాయి. వాటి చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది, సందేశం చకచకా వెళ్లేది దానివల్లే. ఆ పొర, పోగులు దెబ్బతిన్న చోట్లు స్కానులో, ఫ్లెయిర్ అనే రకం చిత్రంలో, తెల్లటి మచ్చలుగా మెరుస్తాయి. 1987 నుంచి డాక్టర్లు వాటిని 0 నుంచి 3 వరకు గ్రేడు చేస్తున్నారు, నువ్వు రాసిన ఫజేకాస్ అదే.

ఇక్కడే నీ హుద్‌హుద్ పోలిక గురించి చెప్పాలి. 2014 అక్టోబర్ 12న ఇళ్లు నిలబడే ఉన్నా కరెంటు తీగలు తెగి, ఫోన్లు మూగబోయి, వైజాగ్ అంతా ఎక్కడివాళ్లక్కడ విడిపోయినట్టు నాన్న మెదడు అయిందన్నావు. మంచి వాక్యమే, మన ఊరివాడు మాత్రమే రాయగలిగింది. కానీ తుఫాను ఒక్క రోజులో కొట్టి వెళ్లింది, ఈ జబ్బు ఏళ్లకి ఏళ్లు తీసుకుంటుంది. అంతకంటే ముఖ్యం, ఇందులో తీగలన్నీ తెగిపోవు. చాలావరకు పనిచేస్తూనే ఉంటాయి, సందేశం చుట్టు తిరిగి ఆలస్యంగా చేరుతుంది.

ఆ ఆలస్యం ఎలా ఉంటుందో ఎంవీపీ కాలనీ రైతుబజారులో చూపించు. నాన్నగారు అరకిలో బెండకాయలు తీసుకుని వంద నోటు ఇచ్చారు. చిల్లర ఎంత రావాలో ఆయనకి తెలుసు, లెక్క తప్పదు. లెక్క వేస్తుండగా పక్కనున్నాయన "ఏవండీ, బాగున్నారా" అని పలకరించాడు, అంతే, లెక్క ఆగిపోయింది. మళ్లీ మొదటికొచ్చారు. వెనక ఇద్దరు నిలబడ్డారు, కూరగాయలమ్మి "తీసుకో నాన్నా" అంటూ చెయ్యి చాపే ఉంది. ఆయన చిల్లర సరిగ్గానే చూసుకుని, జేబులో వేసుకుని, వెనక్కి తిరగబోయి రెండు మూడు చిన్న అడుగులు వేశారు, పాదాలు నేలకి అతుక్కున్నట్టు. పక్కనే ఉన్న కొడుకు ముఖంలో విసుగు. నీ కథ అక్కడుంది, బీచ్‌లో లేదు.

ఇంకోటి, నువ్వు అసలు ముట్టుకోనిది. ఈ జబ్బులో చొరవ పోవచ్చు. క్రికెట్ పెట్టినా చూడరు, మనవరాలొచ్చినా తనంతట తాను పలకరించరు. అమ్మ దాన్ని మొండితనం అనుకుంటుంది, "మీ నాన్నకి ఏదీ పట్టదు" అని కొడుకుతో ఫోన్లో చెప్పి ఏడుస్తుంది. మెదడు ముందు భాగాన్ని లోపలి భాగాలతో కలిపే దారులు దెబ్బతింటే మనిషిలో ప్రేమ ఉన్నా కదలిక పుట్టదు. ఈ ముక్క తెలియక ఎన్ని ఇళ్లలో ముసలాళ్లని తిడుతున్నారో! నిన్ను ఇంతగా ఒత్తిడి చేసేది అందుకే.

అరవై దాటినవాళ్లకి స్కాన్ తీస్తే చాలామందిలో కొద్దో గొప్పో మచ్చలు కనిపిస్తాయి. ఒకే గ్రేడున్న ఇద్దరిలో ఒకాయన కైలాసగిరి మెట్లెక్కి దిగుతాడు, ఇంకొకాయన గుమ్మం దగ్గర తటపటాయిస్తాడు. మచ్చ ఎక్కడ పడింది, మొత్తం నెట్‌వర్క్‌లో ఎన్ని ముఖ్యమైన దారులు మిగిలాయి అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. నరాల పోగుల వెంట నీటి అణువులు ఎలా కదులుతున్నాయో కొలిచే ఎమ్మారై ఒకటుంది, దానితో ఈ దారుల మ్యాపు గీస్తారు. నెదర్లాండ్స్‌లో 2006లో 503 మందితో మొదలైన అధ్యయనంలో, ఆ నెట్‌వర్క్ సామర్థ్యం తక్కువున్నవాళ్లకి తర్వాతి ఏళ్లలో డిమెన్షియా, అంటే రోజువారీ పనులకే అడ్డుపడేంతగా తెలివి తగ్గిపోవడం, వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. కాబట్టి రిపోర్టు చదివి మనిషిని రాయకు, మనిషిని చూసి రాయి.

చివరి పేజీలో డాక్టరు చేత "ఇక చేసేదేం లేదు" అనిపించావు. అది కొట్టెయ్. పోయిన పోగులు తిరిగి రాకపోవచ్చు, కానీ మచ్చలు పెరగడాన్ని నెమ్మదింపజేయొచ్చు. అమెరికాలో 9 వేల మందికి పైగా పాల్గొన్న స్ప్రింట్ అనే బీపీ పరిశోధనలో మెదడుకి సంబంధించిన ఫలితాలు 2019లో వచ్చాయి. పై బీపీని 140 కంటే కిందికి తేవాలని చూసిన వాళ్లతో పోలిస్తే 120 కంటే కిందికి తేవాలని చూసిన వాళ్లలో మచ్చలు తక్కువ పెరిగాయి, డిమెన్షియాకి ముందు దశలో కనిపించే తెలివి తగ్గుదల కూడా తక్కువమందికి వచ్చింది. నీ డాక్టరు బీపీ చూడాలి, మాత్రలు మానేశారా అని అడగాలి, రోజూ నడవమనాలి. అయితే ఈ అంకెలు కథలో పెట్టకు. ఎవరికెంత ఉండాలో వాళ్ల డాక్టరు చెప్పాలి, నీ కథ చదివి ఎవరైనా సొంతంగా డోసు పెంచుకుని కళ్లు తిరిగి పడిపోతే కష్టం.

ఓ పొద్దున కేజీహెచ్ ఆస్పత్రి ఓపీ బయట కూర్చుని, ముసలాళ్లని తీసుకొచ్చిన కొడుకులూ కోడళ్లూ ఎలా మాట్లాడుకుంటున్నారో విను. ఎవరి పేరూ, ఎవరి వివరాలూ కథలోకి తేకు, మాట తీరు మాత్రం పట్టుకో. రైతుబజారు సీను ముందు రాసి పంపు, అమ్మ ఫోన్ సంగతి తర్వాత చూద్దాం.