సండేస్కూల్ బాధ్యత తీసుకున్న మా చెల్లెలి కూతురికి

ప్రియమైన అమ్మడికి,

మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో పెద్దమ్మ శుభములు. ఇక్కడ మేమంతా క్షేమం. అల్లుడుగారినీ, మీ అత్తగారినీ అడిగానని చెప్పు.

మొన్న ఫోన్లో "పెద్దమ్మా, నన్ను సండేస్కూల్ సూపరింటెండెంట్‌ని చేసేశారు, ఒకటే టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఎలా చేసుంటారో నాకు తెలుసులే. కమిటీలో ఎవరూ నోరు మెదపకపోతే, కొత్తగా కాపురానికొచ్చిన చదువుకున్న కోడలి వైపు అందరూ ఒక్కసారి తిరిగి ఉంటారు. నన్నూ అట్లాగే చేశారు. "ఏడాది చూడమ్మా" అన్న పాస్టరు అయ్యగారు బదిలీ అయిపోయారు గానీ రిజిస్టరు మాత్రం ముప్పై నాలుగేళ్ళు నా చేతిలోనే ఉంది.

నువ్వడిగింది యాక్షన్ సాంగ్స్, ఆటల లిస్టు. అవి నీ ఫోన్లోనే బోలెడు దొరుకుతాయి, నా దగ్గరున్నవి పాతవి. నాకు తెలిసినవి వేరే ఉన్నాయి, అవి రాస్తాను. తీరిగ్గా చదువుకో.

ముందు రెండు మూడు వారాలు పాఠం సంగతి పక్కన పెట్టు. పిల్లల ఇళ్ళు తిరుగు. సాయంత్రం ఆరు తర్వాత వెళ్ళు, పనుల నుంచి తల్లులు వచ్చి ఉంటారు. టీ ఇస్తే కాదనకు. ఏ పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతోందో, ఎవరి నాన్న సాయంత్రమైతే తూలుతూ వస్తాడో, ఏ పిల్లాడికి బడిలో పేరొకటి ఇంట్లో పేరొకటో అప్పుడు తెలుస్తుంది. హాజరు పట్టీలో వరసగా మూడు వారాలు ఆబ్సెంట్ పడిన పిల్లాడిని 'బద్ధకం' అనుకునేదాన్ని. ఒకరోజు ఇంటికెళ్తే చంటి చెల్లెల్ని ఎత్తుకుని గడపలో కూర్చున్నాడు. తల్లి ఆదివారం కూడా మిరపకాయలు కోయడానికి పోతుంది. "చెల్లెల్ని కూడా తీసుకురారా" అన్నాను. చాప మీద ఒక మూల పడుకోబెట్టేవాడు. ఆ చెల్లెలే తర్వాత మాకు టీచరయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, చదవడం. మీ సంఘంలో పిల్లలు సగానికి పైగా ఇంగ్లీషు మీడియమే అయ్యుంటారు. బైబిల్ తెరిచి చదవమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారు. మన తెలుగు బైబిల్లో ఉన్నది పాత గ్రాంథికం, అందులో బండి ఱ ఒకటి. ఈ కాలం పిల్లలకు ఆ అక్షరం ముఖమే తెలియదు. నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. వరసలో ఒక్కొక్కరు ఒక్కో వచనం చదవాలని పెట్టాను. పదకొండేళ్ళ కుర్రాడి వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు, పేజీ వైపు చూస్తూనే ఉన్నాడు. నేను "ఊఁ, కానియ్" అన్నాను. మళ్ళీ అన్నాను. పక్కనున్న ఆడపిల్ల కిసుక్కున నవ్వింది. వాడు బైబిల్ మూసి కుర్చీ మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు చెప్పులు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. చెప్పులు తీసుకున్నాడు గానీ సండేస్కూల్‌కి మళ్ళీ రాలేదు. ఇప్పుడు లారీ నడుపుతాడు, కనబడితే బండి ఆపి మరీ వందనాలు చెప్తాడు. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం.

అప్పటి నుంచి ఎవర్నీ ఒంటరిగా లేపి చదివించలేదు. ఇద్దరిద్దర్ని జత వేస్తాను. తెలుగు వచ్చినవాడు ఒకడు, రానివాడు ఒకడు, ఇద్దరికీ ఒకే బైబిల్. వేలు రానివాడిది, గొంతు ఇద్దరిదీ. పాఠానికి ముందు పదిహేను నిమిషాలు అచ్చంగా ఇదే. "బైబిల్ చెప్పమంటే అఆలు దిద్దిస్తోంది" అని ఒక పెద్దాయన గొణిగారు. అసలు సండేస్కూల్ పుట్టిందే దానికి. 1780లో ఇంగ్లండులో గ్లాస్టర్ అనే ఊళ్ళో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాయన, వారమంతా పనుల్లో మగ్గే పిల్లలకు ఆదివారం ఒక్కరోజు తీరిక దొరుకుతుందని, వాళ్ళకు చదవడం నేర్పించే బడి పెట్టించాడు. ఆ పెద్దాయనకు ఇదంతా చెప్పాను. అయినా గొణుగుతూనే ఉన్నారనుకో.

ఇంకో పని చెయ్యి. వారం మధ్యలో ఇళ్ళల్లో కాటేజీ ప్రార్థనలు జరుగుతాయి కదా, అక్కడ వాక్యభాగం పిల్లల చేత చదివించమని పాస్టరుగారిని అడుగు. ముందురోజే ఆ భాగం ఫలానా అని పిల్లకు చెప్పి ఇంట్లో నాలుగుసార్లు చదివించుకోమను. మా దగ్గర ఒక తల్లి అట్లా కూతురు చదువుతుంటే విని విని, నలభై ఏళ్ళ వయసులో అక్షరాలు నేర్చుకుంది. నేనేమీ నేర్పలేదు. బియ్యం ఏరుకుంటూ కూతురి పక్కన కూర్చునేది, అంతే.

ఇరవై మూడో కీర్తన అందరు పిల్లలకూ నోటికొచ్చు. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తారు. లేమి అంటే ఏంట్రా అంటే బిక్కమొహాలే. ఒకసారి "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును" అన్నచోట ఒక పిల్ల చెయ్యెత్తి "టీచర్, దేవుడు మనల్ని రెండు కర్రలతో కొడతాడా?" అంది. నా దగ్గర జవాబు లేదు. నేను కాపరిని కాదుగా.

మర్నాడు చెరువు కట్ట మీద గొర్రెలు తోలుకెళ్తున్న పెద్దాయన్ని పట్టుకున్నాను. మన సంఘంవాడు కాదు, చర్చిలో ఎప్పుడూ అడుగు పెట్టినవాడు కాదు. "ఆదివారం మా పిల్లకాయలకు నీ గొర్రెల గురించి రెండు మాటలు చెప్పాలి అన్నా" అంటే, నేను ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు. వస్తానన్నాడు గానీ లోపలికి రానన్నాడు. సరే, పిల్లల్నే వేపచెట్టు కిందకి తీసుకొచ్చాను. గొంగడి మడిచి పక్కన పెట్టి, చేతిలో కర్ర, భుజాన దోటి, సంకలో పుట్టి నాలుగు రోజులైన గొర్రెపిల్లతో వచ్చి కూర్చున్నాడు. పిల్లలు పాఠం సంగతి మర్చిపోయి దాన్ని ముట్టుకోవడానికి ఎగబడ్డారు. పోనిచ్చాను.

తర్వాత ఆయన చెప్పాడు. కర్ర గొర్రెను కొట్టడానికి కాదట. కుక్కలొస్తే అదిలించడానికి, గడ్డిలో పాముంటే తట్టి లేపడానికి, రాత్రి దొడ్డి వాకిట అడ్డంపెట్టి ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టి లోపలికి వదలడానికి. దోటి ఎందుకంటే, ఎండాకాలం గడ్డి మాడిపోతుంది, అప్పుడు తుమ్మకొమ్మ అందుకుని వంచి, ఆకూ కాయా రాల్చి మేపడానికి. "గడ్డి లేదని గొర్రెకు తెలీదమ్మా, నాకు తెలుసు. దానికి కడుపు నిండితే చాలు" అన్నాడు. వెనక నుంచి ఒక కుర్రాడు అరిచాడు, "టీచర్! దుడ్డుకర్ర, దోటి! రెండూ ఉన్నాయి!" నేను ఒక్క ముక్క కలపలేదు. కలపాల్సిన పని లేకపోయింది. ఆ పిల్లలిప్పుడు పెద్దవాళ్ళయ్యారు. నేను చెప్పిన పాఠాలు ఎవరికీ గుర్తులేవు, ఆ గొర్రెపిల్ల గుర్తుంది.

ఇది నువ్వు గట్టిగా పట్టుకోవాల్సిన మాట అమ్మడూ. పాఠమంతా నువ్వే చెప్పాలని నెత్తిన వేసుకోకు. మీ సంఘంలో ఎవరెవరున్నారో ఒక కాగితం మీద రాసుకో. వలలు అల్లేవాళ్ళున్నారా? తెగిన వల ఒకటి తెమ్మను, పేతురు అన్నదమ్ములు ఏం పని చేసేవాళ్ళో పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు. కుట్టుమిషన్ ఆవిడను, విధవరాళ్ళకు బట్టలు కుట్టిపెట్టిన దొర్కా కథ రోజున పిలువు. రిటైరైన బ్యాంకాయన ఉంటే, కానుకలు లెక్కపెట్టడం పెద్ద పిల్లలకు నేర్పించమను. చిల్లర వేరు చేసి, పుస్తకంలో రాసి, ఇద్దరు సంతకాలు పెట్టాలి. సంఘం డబ్బు ఎట్లా చూసుకోవాలో ఆ వయసులో చూసినవాడు రేపు కమిటీలో కూర్చున్నా తిన్నగా ఉంటాడని నా ఆశ.

వెనక వరసలో కూర్చునే అవ్వల్ని అస్సలు మరువకు. మా నాయనమ్మది డోర్నకల్ దగ్గర పల్లె. అక్షరం ముక్క రాదు. 1912లో అజరయ్యగారు డోర్నకల్‌కి బిషప్పయ్యారు కదా, ఆంగ్లికన్ సంఘంలో బిషప్పయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ రోజుల్లో పల్లె సంఘాల్లో పగలంతా కూలికి పోయొచ్చిన జనం రాత్రిపూట కూర్చుని, పాటల్లోనే కథలన్నీ నేర్చుకునేవాళ్ళు. మా నాయనమ్మ నోట యోసేపు కథ మొత్తం పాటగా వచ్చేది, దీపం ఆరిపోయేదాకా. ఆమె పోయాక ఆ పాట మా ఎవరికీ పూర్తిగా రాలేదు, సగం దగ్గర ఆగిపోతాం. మీ ఊళ్ళో అట్లాంటి అవ్వ ఒక్కరైనా ఉంటారు. నెలకొక ఆదివారం ఆమెకు క్లాసు అప్పగించు. ఫోన్లో రికార్డు కూడా చెయ్యి.

ఇక మే నెలలో వీబీఎస్, అదే వేసవి సెలవుల బైబిల్ బడి. పది రోజులు పెట్టుకోండి, పొద్దున ఏడున్నరకి మొదలెట్టి పదికల్లా వదిలెయ్యండి. రేకుల షెడ్డులో పదకొండు దాకా ఉంచితే పిల్లలు వడలిపోతారు. మీ చర్చికి వేరే హాలు లేదన్నావు. 1898లో న్యూయార్కులో హాస్ అనే ఆవిడ, వేసవిలో వీధుల వెంట తిరిగే పిల్లల కోసం బీరుషాపు అద్దెకు తీసుకుని మరీ బైబిల్ బడి నడిపిందట. మీకు చింతచెట్టు నీడుంది, ఇంకేం కావాలి? రంగునీళ్ళు, క్రీమ్ బిస్కట్లు వద్దు. ఉప్పేసిన మజ్జిగ, ఉడికించిన శనగలు. స్త్రీల సమాజానికి అప్పగిస్తే రోజుకొకరు వంతులేసుకుంటారు.

క్రాఫ్ట్ అంటూ వందల రూపాయల కిట్లు కొనకు. నాలుగు కొబ్బరిచిప్పలు తీసుకుని మొదటి రోజే మెంతులు చల్లించు. ఒకదాంట్లో తొక్కి గట్టిచేసిన మట్టి, ఒకదాంట్లో రాళ్ళ మీద పలచగా మన్ను, ఒకదాంట్లో గరిక దుబ్బు, ఒకదాంట్లో మంచి పొలం మట్టి. యేసు చెప్పిన విత్తువాని ఉపమానం అప్పుడే చెప్పకు. రోజూ చూసి రాసుకోమను. మా దగ్గర మూడో రోజుకి రాళ్ళ చిప్పలోవే ముందు మొలిచాయి. ఆ జట్టు పిల్లలు గెలిచామని గంతులేశారు. ఆరో రోజుకి వాడిపోయాయి, ఒక పిల్ల ఏడ్చింది కూడా. ఏడో రోజు ఆ ఉపమానం ఉన్న మత్తయి సువార్త 13వ అధ్యాయం తెరిచాను. మన్ను లోతుగా లేనందున వెంటనే మొలిచాయని అక్కడే రాసి ఉంది. అన్నేళ్ళు ఆ ఉపమానం చెప్పిన నేను కూడా ఆ 'వెంటనే'ని అప్పుడే చూశాను.

వీబీఎస్‌కి వేరే ఇళ్ళ పిల్లలూ వస్తారు. సెలవులు, పాటలు, ఆటలు, ఎందుకు రారు? రానీ. కానీ ముందే వాళ్ళ అమ్మానాన్నల దగ్గరికి నువ్వే వెళ్ళి, ఇక్కడ ఏం చెప్తామో దాచకుండా చెప్పి, సరేనంటేనే కూర్చోబెట్టు. వాళ్ళ ఇంటి దేవుళ్ళ గురించి తక్కువచేసి ఒక్క మాట మన టీచర్ల నోట రాకూడదు. బొట్టు తీసెయ్యమన్న టీచరును నేను ఆ పూటే ఇంటికి పంపించాను. రేపు పొద్దున్నే కుళాయి దగ్గర ఆ తల్లి ముఖం చూడాల్సింది మనమే.

ముగింపు రోజు ప్రోగ్రాం మీద పెద్దవాళ్ళకు మోజెక్కువ. మైకు, స్టేజీ, ఫ్లెక్సీ. చివరి మూడు రోజులు డాన్సు ప్రాక్టీసుకే పోతాయి, కాస్త అందంగా ఉన్న పిల్లలు ముందు వరసలో, మిగతావాళ్ళు వెనక చెట్లూ గొర్రెలూ. క్రిస్మస్ నాటిక అప్పుడూ ఇదే తంతు, మరియమ్మ వేషం ప్రతి ఏడాదీ కమిటీ మెంబరు గారి అమ్మాయిదే. నేను చీటీలు తీయించేదాన్ని. ఒక ఏడాది నత్తి ఉన్న పిల్లాడికి గబ్రియేలు దూత వేషం తగిలింది. "భయపడకుము" అనడానికి వాడికి నిమిషం పట్టింది. సంఘమంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. కొందరు పెద్దలు నా మీద మండిపడ్డారు, పడనీ.

ప్రైజులు మాత్రం అందరికీ ఒకటే ఇవ్వు. ఫస్టు, సెకండు అన్నావంటే తల్లుల మధ్య తగవు నీ ఇంటి గుమ్మం దాకా వస్తుంది.

ఇంకొక్కటి, ఇందులో మొహమాటం లేదు. ఏ పిల్లతోనూ, ఏ పిల్లాడితోనూ ఒక్క పెద్దమనిషి గదిలో విడిగా ఉండకూడదు. ఎంత భక్తిపరుడైనా సరే, ఎవరి బంధువైనా సరే. ఎప్పుడూ ఇద్దరు టీచర్లు, తలుపులు తీసి. చిన్నపిల్లల్ని బాత్రూముకి తీసుకెళ్ళేది ఎవరో ముందే అనుకోండి, గడియ లోపల నుంచి పడుతుందో లేదో నువ్వే వెళ్ళి చూడు. ఆటోలో దింపే పిల్లల పేర్లు, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు రిజిస్టరు మొదటి పేజీలో ఉండాలి. తల్లిదండ్రుల్ని అడక్కుండా పిల్లల ఫొటోలు స్టేటస్‌లో పెట్టొద్దని యూత్‌కి చెప్పు. ఆపదలో ఉన్న పిల్లల కోసం ఉన్న 1098 హెల్ప్‌లైన్ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించు. పిల్ల ఏదైనా చెప్తే నమ్ము, "సంఘం పరువు" అనే మాట ఎవరైనా ఎత్తితే విననట్టే ఉండి, పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం ఉందని చెప్పి, చేయాల్సింది చెయ్యి. కమిటీవాళ్ళు అదోలా చూస్తారు. అప్పుడు నాకు ఫోన్ కొట్టు, నేను మాట్లాడతాను.

రెండు సంచుల శుభలేఖలు పోగుచేసి ఉంచాను. పెళ్ళిళ్ళ సీజన్ కదా, వీధంతా తిరిగి అడిగాను. వెనకవైపు ఖాళీగా ఉంటుంది, కంఠత వాక్యం రాసుకోవడానికి దానికి మించిన అట్ట లేదు. శనివారం మీ పెద్దనాన్న అటు వస్తున్నారు, ఆయన చేత పంపిస్తాను. కొన్నిటి మీద పసుపు అంటుకుని ఉంది, తుడిస్తే పోతుంది.

ప్రేమతో,
మీ పెద్దమ్మ