తూటా మసి చూసి కంగారు పడకు

చిరంజీవి అమ్మలుకి బాబాయి ఆశీస్సులు.

కొత్త పెట్టె తూటాలు కాల్చాక చేతులు నల్లబడ్డాయని, పిస్టల్ విప్పితే లోపలంతా మసేనని, కంపెనీవాడు నాసిరకం అంటగట్టాడేమోనని రాశావు. ఆ టెన్షన్ అక్కర్లేదు. మసి ఎక్కువ వదిలినంత మాత్రాన తూటా చెడ్డదైపోదు. శుభ్రంగా కాలే తూటా గురి బాగా కుదురుస్తుందన్న హామీ కూడా లేదు. ఆ మసి ఎక్కణ్ణించి వచ్చిందో పసిగట్టడం నేర్చుకుంటే మాత్రం చాలా తెలుస్తుంది.

ముందు తూటాలోని తుపాకీమందు సంగతి చెప్తాను. పాతకాలపు నల్ల తుపాకీమందు కాలితే సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలేది, అందుకే అంత పొగ, అంత బూడిద. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే పొగ రాని మందు తయారుచేశాక ఆ బాధ తగ్గింది. ఇప్పటి తూటాల్లో ఉండేది నైట్రోసెల్యులోజ్ మందే, కొన్నింటిలో నైట్రోగ్లిజరిన్ కూడా కలుపుతారు. అది దాదాపు మొత్తం వాయువైపోతుంది. కాకపోతే దానికి తగినంత ఒత్తిడి అందాలి. ఒత్తిడి చాలకపోతే పచ్చికట్టెలాగా సగం కాలి సగం మిగులుతుంది. టార్గెట్ కోసం చేసే తూటాలు మెత్తగా, తక్కువ తన్నుతో పేలాలని మందు తక్కువ పోస్తారు. నీ చేతికి హాయిగా అనిపించిన తూటాయే పిస్టల్‌ని నల్లగా చేసిందంటే కారణం అదే అయ్యుండొచ్చు.

దీన్ని కనిపెట్టడానికి ఒక తేలిక మార్గం ఉంది. కాల్చిన ఖాళీ కేసు (మందునీ గుండునీ పట్టి ఉంచే గొట్టం) ఒకటి తీసుకుని వెలుతురులో తిప్పి చూడు. పేలినప్పుడు ఇత్తడి కేసు మూతి ఉబ్బి చాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) గోడకి అతుక్కుని గ్యాస్‌ని వెనక్కి రానివ్వకుండా ఆపాలి. ఒత్తిడి సరిపోతే మూతి దగ్గర సన్నని నల్లటి అంచు తప్ప మిగతాదంతా మెరుస్తూ ఉంటుంది. చాలకపోతే మూతి సరిగ్గా అతుక్కోదు, గ్యాస్ పక్కనుంచి జారి కేసు ఒంటిమీద మసి చారలు గీస్తుంది. ఒక్కోసారి ఆ చార ఒకవైపే సగం కిందిదాకా దిగుతుంది. ప్రమాదమేమీ కాదు, ఆ తూటా బలహీనంగా పేలిందని చెప్తోంది, అంతే.

దీనికి సరిగ్గా ఎదురు సందర్భం ఇంకొకటుంది. మాగ్నమ్ లాంటి బలమైన తూటాల్లో నెమ్మదిగా కాలే మందు వాడుతుంటారు. పొట్టి బ్యారెల్‌లో కాల్చావంటే మందు పూర్తిగా కాలేలోపే గుండు బయటపడిపోతుంది. బ్యారెల్ మూతి దగ్గర పెద్ద మంట, బల్లమీద రాలిన కాలని గింజలు. అక్కడ తూటా తప్పు కాదు, దానికి చాలినంత బ్యారెల్ లేదు.

మసంతా మందుదే అనుకోకు. తొడుగు లేని సీసపు గుండుకి మైనం లాంటి జిడ్డు పూస్తారు, నీకు కనిపించే పొగలో చాలా భాగం ఆ జిడ్డుదే. .22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటా అంత మురికి చేసేది అందుకే: సీసపు గుండు, పైన బయటికే పూసిన జిడ్డు. అయినా పోటీల్లో దాంతోనే అద్భుతంగా కాలుస్తారు, చూస్తున్నావుగా. మామూలు రాగి తొడుగు గుండుకి కూడా చాలాసార్లు అడుగు తెరిచే ఉంటుంది, అక్కడి సీసం వేడి గ్యాస్‌కి కొంత ఆవిరై గాల్లో కలుస్తుంది. అడుగు కూడా మూసేసిన గుండ్లు ఈ విషయంలో నయం. మూసి ఉన్న రేంజ్‌లో ఎక్కువ సేపు కాలుస్తావు కాబట్టి డబ్బు ఇంకాస్త పెట్టాల్సి వస్తే దీనికి పెట్టు, పెట్టె మీద ‘క్లీన్’ అని రాసినందుకు పెట్టకు.

ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందుని అంటించేది) వంతు కొంచెమే, కానీ చాలావాటిలో లెడ్ స్టిఫ్నేట్, బేరియం, యాంటిమొనీ ఉంటాయి. పాత సైనిక నిల్వల తూటాలు దొరికితే మాత్రం జాగ్రత్త. వాటిలో చాలావాటి ప్రైమర్‌లో క్లోరేట్ ఉంటుంది, అది కాలాక ఉప్పుగా మారి తేమ లాగి బ్యారెల్‌కి తుప్పు పట్టిస్తుంది. నూనె ఆ ఉప్పుని కరిగించదు. వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు నూనె రాయాలి.

తుపాకీ వంతూ ఉంటుంది. రివాల్వర్‌లో సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి గ్యాస్ ఎగదన్నుతుంది, సిలిండర్ ముందుభాగం నల్లబడకుండా ఉండదు. ఆ మరకల కోసం గంటలు గంటలు రుద్దే వాళ్లని చూశాను, దండగ. .357 రివాల్వర్‌లో కేసు కాస్త పొట్టిగా ఉండే .38 తూటాలు కాలిస్తే చాంబర్ లోపల ఒక గట్టి మసి ఉంగరం కడుతుంది, తర్వాత .357 పొడుగు కేసు లోపలికి పోనని మొండికేస్తుంది. దాన్ని మాత్రం బ్రష్‌తో వదిలించాలి. ఖాళీ కేసులు తీసేటప్పుడు బ్యారెల్ పైకి పెట్టి తోస్తే కాలని గింజలు ఎక్స్‌ట్రాక్టర్ (కేసుల్ని బయటికి తోసే భాగం) కింద ఇరుక్కోవు. పిస్టల్‌కైతే నూనె అతిగా పట్టించకు, నూనె, మసి కలిస్తే ముద్దవుతుంది.

శుభ్రం చేసే ముందు తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూడు, తూటాలు వేరే గదిలో పెట్టు. పొడిగా రుద్దితే సీసపు దుమ్ము లేస్తుంది, సాల్వెంట్‌తో తడిపి తుడువు. చేతులు సబ్బుతో కడుక్కోకుండా ముఖం తాకకు, ఏదీ తినకు. కాల్చేటప్పుడు వేసుకున్న బట్టలు విడిగా ఉతుకు.

రీలోడింగ్, అంటే ఖాళీ కేసుల్లో మళ్లీ మందు, గుండు నింపడం, మొదలుపెడతానన్నావు. మసి తగ్గుతుందని పట్టికలో ఉన్న గరిష్ఠం దాటి మందు పెంచకు, ఆ ఆలోచన ఉంటే మానెయ్. ఇంకొకటి. ఎప్పుడైనా పేలుడు ‘తుస్సు’మని వినిపించి, కాలని మందు బాగా రాలితే అక్కడితో ఆగిపో. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనకాల ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగలొచ్చు. ట్రిగ్గర్ మీంచి వేలు తీసి, తుపాకీ మూతి టార్గెట్ వైపే ఉంచి, కాసేపు ఆగి, ఖాళీ చేసి, బ్యారెల్ బోసిగా ఉందో లేదో చూశాకే మళ్లీ మొదలుపెట్టు.

ఈసారి రాసేటప్పుడు కేసు మీద మసి ఎంతదాకా దిగిందో, గుండు అడుగు మూసి ఉందో లేదో రాయి. ఆ పెట్టె ఉంచుకోవాలో వద్దో అప్పుడు చెప్తాను.

మీ బాబాయి