చీలమండ బెణికాక మళ్లీ గెంతేదెప్పుడు?

ప్రశ్న: కాంటెంపరరీ డ్యాన్స్ చేస్తాను. మూడు వారాల క్రితం గెంతి దిగుతుంటే కుడి పాదం లోపలికి మడతపడి చీలమండ బెణికింది. వాపు తగ్గింది, నడిస్తే నొప్పి లేదు. రిహార్సల్స్‌కు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లండి, గెంతులు మాత్రం ఇప్పుడే వద్దు. నొప్పి పోయినంత త్వరగా బ్యాలెన్స్ తిరిగి రాదు. బయటివైపు లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీల్లాంటి కణజాలం) దెబ్బతిన్నప్పుడు, పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పే నాడుల పని కూడా మందగిస్తుంది. చాలామందికి అదే కాలు మళ్లీ బెణకడానికి ఇదో ముఖ్య కారణం.

ముందు ఒంటికాలిపై 30 సెకన్లు నిలబడండి, ఆపై కళ్లు మూసుకుని ప్రయత్నించండి. తర్వాత మోకాలు వంచకుండా ఒంటికాలి మీద మడమ ఎత్తి దించండి. రెండు కాళ్లకూ లెక్క సమానం కావాలి; డ్యాన్సర్లకైతే 25 దాకా రావడం మంచిది. పాదం చిటికెనవేలి వైపు వాలిపోతే ఆ లెక్క చెల్లదు. ఇక్కడే చాలామంది తమను తాము మోసం చేసుకుంటారు!

ఇవి కుదిరాక రెండు కాళ్లతో చిన్న గెంతులు, తర్వాత ఒంటికాలితో, చివరగా గాలిలో తిరిగి దిగడం. మర్నాడు పొద్దున వాపు కనిపిస్తే ఒక మెట్టు వెనక్కి రండి.

చీలమండ ఎముక మీదగానీ, పాదం బయటి అంచు మధ్యలోగానీ నొక్కితే ఇప్పటికీ నొప్పి ఉంటే ఇవేవీ మొదలుపెట్టకండి. ముందు డాక్టరుకు చూపించి, ఎక్స్‌రే తీయించండి.