సమాధానం: బొమ్మల వరస, నాలుగు కప్పుల సెట్టు

మీరడిగినవి రెండు: మరకలు పోగొట్టే మీ పొడి డబ్బా మీది బొమ్మలు అరబ్బు దేశాల్లో ఎందుకు నవ్వులపాలయ్యాయి, నాలుగు కప్పుల సెట్టును జపాన్ పంపిణీదారు ఎందుకు వద్దన్నాడు అని.

మీ బొమ్మల్లో ఎడమన మురికి చొక్కా, కుడిన తెల్ల చొక్కా ఉన్నాయి. అరబిక్‌ను కుడి నుంచి ఎడమకు చదువుతారు కదా, వాళ్ల కంటికి శుభ్రమైన చొక్కా మీ పొడి తగిలి మురికైంది! వరస మార్చేయండి. అలాగని డబ్బా మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేయకండి, లోగో, ఫొటోలో చొక్కా గుండీలు కూడా తిరగబడతాయి. అంకెలు అరబిక్‌లోనూ ఎడమ నుంచి కుడికే. ఇంకోటి, అరబిక్ అక్షరాలు చాలావరకు ఒకదానికొకటి కలిసి ఉండాలి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఆ భాష సెట్టింగు పెట్టకపోతే విడివిడిగా, వెనక నుంచి ముందుకు పడతాయి. తెలియనివాళ్లకు ఆ తేడా కనిపించదు. అరబిక్ చదవగలిగినవాళ్లకు చూపించందే నేనైతే ప్రింటుకు పంపను.

కప్పుల సంగతి తేలికే. జపనీస్‌లో నాలుగును ‘షి’ అని కూడా అంటారు, చావుకూ అదే మాట. బహుమతిగా ఇచ్చే వస్తువైతే మరీ ఇబ్బంది. ఐదు పెట్టండి, అక్కడి సంప్రదాయ సెట్లు ఐదే. కప్పుల డబ్బా కొలతలు మళ్లీ గీయించుకోవాలి, తప్పదు.