గురుద్వారా కమిటీకి లౌకిక ప్రభుత్వం ఎన్నికలు జరపడం ఎందుకు?

దీనికి జవాబు వలస పాలన నాటి పోరాటంలో ఉంది. మహంతులనే నిర్వాహక పూజారుల చేతుల్లో చిక్కుకున్న గురుద్వారాలను విడిపించేందుకు సిక్కులు 1920లో ఉద్యమం ఆరంభించారు. 1921లో గురునానక్ జన్మస్థలమైన నన్‌కానా సాహిబ్‌లో ఎందరో ప్రాణాలర్పించారు. ఆ త్యాగాల ఫలితంగా వచ్చిన 1925 చట్టం పంజాబ్‌లోని చారిత్రక గురుద్వారాల నిర్వహణను సిక్కు ఓటర్లు ఎన్నుకునే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీకి అప్పగించింది. స్త్రీలకు కూడా ఓటు హక్కునిచ్చిన ఆ చట్టం, నా దృష్టిలో, తన కాలం కంటే ఎంతో ముందున్నది. అయితే ఆ ఎన్నికల ప్రధాన కమిషనర్‌ను నియమించేది కేంద్రమే. ఓటరు అర్హత కూడా పార్లమెంటు చేతిలో ఉండటం వల్ల 2016 సవరణతో సహజధారీ సిక్కులు (కేశాలు కత్తిరించకూడదనే నియమం వంటివి పూర్తిగా పాటించనివారు) ఓటు కోల్పోయారు. మైనారిటీ మతస్థుల స్వయంపాలనకు ఇది చిన్న విషయం కాదు. నాందేడ్‌లోని హజూర్ సాహిబ్ గురుద్వారా కోసం మాత్రం అప్పటి హైదరాబాద్ రాష్ట్రం 1956లో వేరే చట్టం చేసింది.