అరికాళ్లలో తిమ్మిరి ధ్యాన అనుభవం కాకపోవచ్చు

ప్రశ్న: నా వయసు 46. మాది అనంతపురం, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. ఎనిమిదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. ధ్యానం కోసం నాలుగేళ్ల కిందట మాంసం, గుడ్లు మానేశాను. నిరుడు పాలు, పెరుగు కూడా మానేశాను. ఈమధ్య ఒంటిపూట భోజనమే. తెల్లవారుజామున ధ్యానంలో ఒళ్లు తేలిపోతున్నట్లు ఉండి చెమట పడుతోంది. అరికాళ్లలో చీమలు పాకినట్లు ఉంటోంది. అది శక్తి ప్రసరణ అని తోటి సాధకులు అంటున్నారు. మెడికల్ షాపులో నరాల బలానికి మాత్రలు తెచ్చుకుని వేసుకుంటున్నాను. ధ్యానం ఇంకా బాగా కుదరాలంటే ఏమేం మానేయాలి?
- ఒక పాఠకుడు

జవాబు: ఇంకేమీ మానేయకండి. ముందు ఆ చెమట సంగతి చూడాలి. మీ మాత్ర మోతాదు రోజుకు రెండు మూడు పూటలు తినే మనిషికి రాసి ఉంటారు. గ్లిమిపిరైడ్ వేసుకుంటూ ఒంటిపూట తింటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. మళ్లీ అలా అనిపిస్తే వెంటనే కళ్లు తెరిచి గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు నాలుగు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలుపుకుని తాగాలి. మాత్ర మీ అంతట మీరు ఆపకండి. మీ డాక్టర్‌కు ఈరోజే ఫోన్ చేసి ఒంటిపూట సంగతి చెప్పండి.

అరికాళ్ల తిమ్మిరి షుగర్ వల్ల కావచ్చు, విటమిన్ బీ12 లోపం వల్ల కావచ్చు, రెండూ కలిసీ కావచ్చు. చూడకుండా తేల్చి చెప్పలేను. శాకాహారికి బీ12 ప్రధానంగా పాలు, పెరుగు నుంచే అందుతుంది. మీరు వాటినీ వదిలేశారు. పైగా మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే పేగుల్లో బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. లివర్‌లో నిల్వ ఉన్నది కొన్నేళ్లు సరిపోతుంది కాబట్టి లోపం ఆలస్యంగా బయటపడుతుంది. ఎనిమిదేళ్ల షుగర్ పేషెంటు ఈ తిమ్మిరి గురించి డాక్టర్‌కు చెప్పకుండా తోటి సాధకులకు మాత్రమే చెప్పడం నాకు బాధగా ఉంది.

ఇక ఆ నరాల మాత్రలు. వాటిలో ఏముందో అట్ట వెనక ఒకసారైనా చదివారా? ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత తగ్గినట్లు కనిపిస్తుంది, లోపల బీ12 లేక నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. బీ6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే తిమ్మిరి తెస్తుంది. బీ12 కొద్దిగా కలిసిన మాత్రలైతే రిపోర్టు నార్మల్‌గా వచ్చి డాక్టర్‌నే తికమక పెడుతుంది. తిమ్మిరి అనగానే షాపులో ఒక అట్ట కొనుక్కుని నెలలు గడిపేసి, నడక తూలడం మొదలయ్యాక వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. ఆలస్యమైతే కొంత నష్టం అలాగే మిగిలిపోవచ్చు.

బీ12, సీబీసీ (రక్తకణాల లెక్క), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), థైరాయిడ్ పరీక్షలు మామూలుగా సరిపోతాయి. లోపం ఉంటే ఇంజెక్షన్లా, మాత్రలా అన్నది మీ డాక్టర్ నిర్ణయిస్తారు. పెరుగు మళ్లీ మొదలుపెట్టినా, ఇప్పటికే ఏర్పడిన లోపం దాంతోనే తీరదు. స్పైరులినా (నాచు పొడి) మీద ఆధారపడకండి, అందులో ఉండే బీ12 రకం చాలావరకు మన ఒంటికి పనికిరాదు.

మీరు అడిగినదానికి వస్తే, రాత్రి తేలిగ్గా, నూనె, మసాలా తగ్గించి తింటే పొద్దున కునుకు రాకుండా కూర్చోగలరు. శాకాహారం మంచి నిర్ణయమే, కొనసాగించండి. అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని భగవద్గీత ఆరో అధ్యాయంలో ఉంది. మీ గురువుగారిని అడిగినా ఉపవాసంతో షుగర్ మాత్ర వేసుకోమని చెప్పరనుకుంటాను.

చెప్పు జారినా తెలియకపోవడం, చీకట్లో తూలడం, తిమ్మిరి మోకాళ్ల వైపు పాకడం ఉంటే రిపోర్టుల కోసం ఆగకుండా న్యూరాలజిస్టును కలవండి. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన మాత్రల అట్టలన్నీ తీసుకెళ్లండి.
- జనరల్ ఫిజీషియన్, బెంగళూరు